ఏడో పైపు

సువైఖ్‌ల ఉమ్ మర్‌హూన్ ఇంట్ల
మోటరు ఆగి మూడు రోజులు.
ట్యాంకు తడితే డోలు లెక్క మోగుతున్నది.
ప్యానల్ తెరిచిన, మీటరు పెట్టి చూసిన,
కరెంటు పోతున్నది గని నీళ్లొస్తలేవు.
"ఖలాస్?" అన్నది ముసలమ్మ.
ఖలాస్ అన్న.

ముక్కాలి నిలబెట్టి చైన్‌బ్లాక్ తగిలిచ్చి
గుంజుడు మొదలుపెట్టినం నేనూ తొఫజ్జల్.
ఆరు గంటలకే ఎండ మెడ మీదెక్కి కూసున్నది.
పైపు పైకొచ్చినప్పుడల్లా క్లాంపు బిగించుడు,
రెంచికి ఇంకో గొట్టం తొడిగి బలం పెట్టుడు,
తుప్పు పట్టిన కప్లింగు కదలకుంటే
దాని వంశాన్ని తిట్టుడు.
అతను బెంగాలీల, నేను తెలుగుల.
కప్లింగుకు రెండూ సమజైనయి.

ఐదో పైపు జల్లెడై వచ్చింది.
ఇన్నేండ్లు ఎత్తిన నీళ్లను
సగం దారిల మళ్ల బోరుకే పోసుకున్నదన్న మాట.
తొమ్మిదో పైపు కింద మోటరు,
ఒళ్లంత ఉప్పు పెచ్చు కట్టి,
ఏ అంగట్ల కొన్నరో వాళ్లే గుర్తుపట్టరాకుంట.

సుత్తెతోని మెల్లగ కొట్టిన. పెచ్చు రాలింది.
కింద స్టీలు మీద గీతలు.
కంపెనీ నంబరనుకున్న.
ఉమ్మి తడిపి బొటనవేలుతో రుద్దితే
తెలుగు.

హాక్సా బ్లేడు మొనతో గీకినట్టున్నడు,
గుండ్రటి మన అక్షరాలకు మూలలు తేలినయి.
"ఏడో పైపు కాడ వంకర.
జబర్దస్తి వద్దు. తిప్పు."
అంతే.
పేరు లేదు, ఊరు లేదు, తారీఖు లేదు.
బోర్లించి అడుగు కూడ చూసిన.
గోడ దొరికితే పేరు రాసుకునే లోకంల
ఈయనెవరో దారి రాసిండు.

ఏందని వంగి చూసింది ముసలమ్మ.
నాకొచ్చిన నాలుగు అరబ్బీ మాటల్ల వెతికి
"తరీఖ్" అన్న.
మన తారీఖు కాదు, వాళ్ల తరీఖ్. తొవ్వ.
ఆమె నా దిక్కు కాదు, బోరు మూతి దిక్కు చూసింది.

నీళ్లు దిగిపోయినయి, తొమ్మిది చాలవు,
పద్నాలుగు దించాలె.
ఈ ఒడ్డున కిందికి పోయినకొద్ది
సముద్రం దగ్గరైతది, ఆ మాట చెప్పిన.
తెలుసన్నట్టు చెయ్యూపింది.
ఖర్జూరం ఉప్పుకు ఓరుస్తది,
నిమ్మచెట్టు గురించి ఆమె ఏమనలేదు.

కేబులు అతుకుకు స్లీవు తొడిగి మంట చూపి,
తాడు ముడేసి, ఆ ముడిని ఇంకోసారి గుంజి చూసి,
కొత్త మోటరును విడిచినం.
ఆరు పైపులు పుట్టలకు పాము పోయినట్టు పోయినయి.
ఏడోది ఆగింది.
తొఫజ్జల్ రెండు చేతులెత్తి బరువెయ్యబోతే
ఆగు, ఆగు అన్న.
ఎడమకు తిప్పితే మరలు ఊడి మోటరు బోరు పాలు,
కుడికే తిప్పాలె.
పావు చుట్టు. కాలేదు.
రవ్వంత పైకి లేపి, ఇంకింత.
లోపలెక్కడ్నో రాయి భుజం పక్కకు జరిపినట్టు
చేతికి తెలిసింది.
ఎనిమిది. తొమ్మిది.
అటెన్క ఆయన తిరగని లోతు,
అక్కడ చెప్పెటోడు లేడు.
ఒక్కో పైపుకూ ఊపిరి బిగబట్టుకుంట పోయినం.

స్విచ్చేస్తే గొట్టం దగ్గింది, గాలి కక్కింది,
ఎర్రవి, బూడిదవి, ఎప్పటికో తేటవి.
ముసలమ్మ దోసిలి పట్టి నాకు ముందు తాగుమన్నది.
"హిలూ?"
నాలుక అంచున ఉప్పు.
తియ్యగున్నయనొచ్చు, పైసలు తొందరగ ఇస్తది.
"నుస్ నుస్" అన్న. సగం సగం.
పకపక నవ్వి బకెట నింపుకొని పోయింది.

పాత మోటరును తుక్కోడు మూడు రియాళ్లకు అడిగిండు.
తొఫజ్జల్ నా మొఖం చూసిండు.
ఇచ్చేసినం. ఇద్దరం పంచుకున్నం.

బండెక్కినంక యాదికొచ్చింది,
కొత్తదాని మీద ఏమీ రాయలే,
అదప్పటికే పద్నాలుగు పైపుల కింద.
దిగి మళ్ల పోయి
ప్యానల్ తలుపు లోపలి దిక్కు మార్కరుతో రాసిన,
ఎవలొస్తరో, ఏ భాషోళ్లొస్తరో.

"పద్నాలుగు.
ఏడో పైపు కాడ వంకర నిజమే.
కుడికి."