బొట్టుబిళ్ళ కింద

హనుమంతవాక సిగ్నల్ దగ్గర
మొదటిసారి వెలిగింది.
కందిగింజంత నారింజ రంగు ఇంజన్ బొమ్మ.
చప్పుడు లేదు, పొగ లేదు,
బండి ఎప్పటిలాగే వెళుతోంది.
వెళుతున్నదాన్ని ఆపి అడగడం
నాకెప్పుడూ చేతకాలేదు.

నాలుగు రోజులు చూసీ చూడనట్టున్నాను.
ఐదోనాడు నైట్ డ్యూటీకి వెళ్తూ
నుదుటి బొట్టుబిళ్ళ తీసి
దాని మీద అంటించేశాను.
చీకటి పడింది. హాయిగా ఉంది.

కంచరపాలెంలో గౌరీసు షెడ్డు.
రైలు వెళ్తే గోడ మీది రెంచీలన్నీ గలగలమంటాయి.
బిళ్ళని గోటితో గిల్లి తీసి
వేలి కొసన పెట్టుకు చూశాడు.
"ఏటమ్మా, ఇంజనుకి లోపల్నుంచి కూడా బొట్టెట్టీసినారేటి?"
నాకు నవ్వు రాలేదు.

స్టీరింగ్ కింద ఎక్కడో తడిమి
చిన్న యంత్రం తగిలించాడు.
ఒక అక్షరం, నాలుగు అంకెలు.
"అంతేనా?"
"అంతే. నొప్పి ఏ వేపున్నాదో సెప్తాది గానీ
రోగమేటో సెప్పదు.
పొగ గొట్టం కాడ సెన్సార్ తేడాగా మాటాడతంది.
అదే పాడయ్యిందో,
ఉన్నమాటే సెప్తన్నాదో సూడాల గదా.
సెరిపీడమంటే నిమసం పని.
మీరు భీమిలి ఎల్లొచ్చేసరికి మళ్ళీ ఎలుగుతాది."

కారు కిందకి పాకాడు, కాళ్ళు మాత్రం బయట.
వైర్ల జాయింటు ఊడదీసి చూపించాడు:
పిన్నుల మీద పచ్చగా చిలుము.
"ఏ పేటమ్మా మీది?"
పెదజాలరిపేట. సముద్రానికి ఎదురుగా పార్కింగు.
"అదీ. ఉప్పుగాలి."

కిటికీ ఊచల్ని, ఫ్యాను రెక్కల్ని,
మా అమ్మ కుట్టుమిషన్నీ తిన్న గాలే.
ఇంత లోపలికొచ్చి కూర్చుందని
నాకేం తెలుసు.

అతను గరుకు కాగితంతో రుద్దుతుంటే
వార్డు గుర్తొచ్చింది.
రాత్రి మూడింటికి మానిటర్ కూస్తే
కళ్ళు తెరవకముందే మ్యూట్ మీదికెళ్ళే
ఈ వేలు.
పన్నెండో బెడ్ సింహాద్రమ్మ.
వేలి క్లిప్పు జారిందనుకున్నాను.
నిజంగా జారిందే, రెండుసార్లూ.
మూడోసారి జారలేదు.

నూటయాభై తీసుకున్నాడు.
బొట్టుబిళ్ళ తిరిగిచ్చాడు. జిగురు పోయింది.

ఇప్పుడు తాళం తిప్పి ఆగుతాను.
అన్ని దీపాలూ ఒక్కసారి వెలుగుతాయి,
మేం బతికే ఉన్నామని చెప్పడానికి.
ఇంజన్ అందుకోగానే ఒక్కొక్కటే ఆరిపోతాయి.
ఆ నారింజ గింజ
మిగతావాటికన్నా కాస్త ఆలస్యంగా ఆరుతుంది.
అంతవరకూ
గేరు మీద చెయ్యి వెయ్యను.