తలకు రెండణాలు

పెద్దసామిరెడ్డి సచ్చి పది వారాలు.
ఆయన్ను మోసింది నా బండే.
బోద పరిచి, పైన జంపఖానా ఏసి,
పెన్న ఇసకలో చక్రం దిగబడి శవం ఒక పక్కకు ఒరిగితే
'నిదానం రా ఓబులేసూ' అన్నారెవరో,
ఆయనకు నొప్పి పుడతాదేమో అన్నట్టు.

ఇప్పుడు ఆయన కుర్చీ ఖాళీ అంట.
మద్రాసులో యాడో ఉందంట ఆ కుర్చీ.
దాన్ని నింపేదానికి మళ్లా నా బండే కావల్సొచ్చింది.

తలకు రెండణాలు బాడిగ.
తల అంటే ఓటున్న తల,
శిస్తు కట్టి రసీదు దాచుకున్న తల.
మా ఊర్లో అట్లాంటివి ఏడు.
మిగిలిన రెండు నూర్ల మందిమీ
మొండేలతోనే సంగటి తిని బతుకుతాండాము.

తెల్లారకముందే తిమ్మారెడ్డి మనిషొచ్చి
ఎలపటి ఎద్దు కొమ్ములకు ఎర్ర పేలికలు కట్టినాడు.
ఊరు దాటంగానే వకీలు శేషగిరిరావు మనిషొచ్చి
దాపటి దానికి పచ్చ పేలికలు కట్టి
నా చేతిలో అర్ధణా పెట్టినాడు.
కాడి మాత్రం ఒకటే.

'ఇది ఆ జంపఖానానేనా?' అన్నాడు కరణం, కూచోబోతా.
'ఉతికినా సామీ' అన్నా.
అయినా అంచుమీదనే కూచున్నాడు.

పెన్నలో నీళ్లు లేవు, ఎప్పుడున్యాయి గనక.
నడిమధ్యలో చక్రాలు ఇరుసుదాకా దిగినాయి.
'ఓటు లేనోళ్లు దిగండప్పా' అన్నాడు కరణం.
బండిలో ఓటు లేనోడు నేనొక్కణ్నే.
దిగినా.

ఈరనాగమ్మ కూడా దిగింది.
మొగుడు కలరాకు పోతే పట్టా ఆమె పేరుకొచ్చింది,
పట్టాతో పాటు ఓటు, అడక్కుండానే.
కొంగు నడుముకు చెక్కి
చక్రం ఆకు పట్టుకోని నెట్టింది నాతో సమానంగా.
పైన ఆరు తలలు వక్కాకు నములుతాండాయి.

బండి కదిలినాక ఎనకాల నడస్తా అడిగింది:
'నీకుంటే యా రంగు పెట్టెలో ఏస్తావురా?'

ఎద్దును కొనేటప్పుడు తప్ప
రంగు గురించి నన్నెవురూ అడగలేదు.
పచ్చాయప్ప శిస్తు తగ్గిస్తాడంట,
నాకు లేని శిస్తు.
ఎర్రాయప్ప పెన్నకు వంతెన కట్టిస్తాడంట.
వంతెనొస్తే ఇసక బాధ తప్పుతాది,
దాని ఎనకాలే మోటారొస్తాది,
అప్పుడు బండే తప్పుతాది.
చానాసేపు నడిచినాక ఒక రంగు చెప్పినా.
ఊ అనలేదు, ఊహూ అనలేదు.

పామిడి చావడి కాడ జనం, బంట్రోతులు, బెల్లం పానకం.
పెట్టెలకు రంగేసింది అద్దకం తుకోజీ.
రాత్రి దాకా కూలి తేలక
తెల్లారుజామున పూసినాడంట, ఇంకా తడి.
ఆయనకూ ఓటు లేదు.
వాకిట్లో నిలబడి లోపలికి పొయ్యేటోళ్లను
'పైపైన ముట్టుకోండి' అని బతిమాలుకుంటాండాడు.

ఈరనాగమ్మ పోయింది, వచ్చింది.
కుడిచెయ్యి కొంగులో దాచుకోనుంది.
'ఏసినావా అక్కా?' అన్నా.
'ఎద్దులకు నీళ్లు తాపినావా?' అనింది.

తిరిగొచ్చేటప్పుడు పొద్దుగూకింది.
ఏటి చెలమ కాడ ఆపమని
ఇసకతో తోమి తోమి చెయ్యి కడుక్కునింది.
లాంతరు ఎలుతుర్లో ఎరుపూ పచ్చా రెండూ నలుపే.

మర్సనాడు బండి కడగతా సూసినా.
ఆమె పట్టుకోని ఎక్కిన గుంజ మీద
బొటనేలంత మరక.
యా రంగో మా ఆడదానికి కూడా చెప్పలేదు.

ఎవురో గెలిచినారు, పదకొండు ఓట్ల తేడా అన్నారు.
వంతెన రాలేదు. శిస్తు సంగతి నాకు తెలీదు.

బాడిగకు పోతే
కరణం పన్నెండణాలు లెక్కబెట్టినాడు.
'ఏడు తలలు గద సామీ?'
'ఏడోది నడిచొచ్చింది గదరా.'

అవును, నడిచింది.
నేనూ నడిచినా.