వేరు కుంపటి

హాలిఫాక్స్ బజారులో, చేపల కొట్టు పక్కన
తలుపు లేని నా రిపేరు బల్ల.
మంగళవారం. బయట వాన.
గ్రీన్‌వుడ్ గారు కంప్యూటర్ని
చంటిపిల్లలా దుప్పట్లో చుట్టి తెచ్చారు.
"పిడుగు పడింది, లవ్" అన్నారు.
ఇక్కడ అందరినీ అలాగే అంటారు,
చేపలవాడు పీతలతో సహా.

మూత విప్పాను.
పదేళ్ల దుమ్ము, ఒక కుక్క వెంట్రుక,
పచ్చటి బోర్డు మీద, నెట్‌వర్క్ చిప్పు ఉండాల్సిన చోట
కాటుక వేలితో అద్దినట్టు మసి.
యూఎస్‌బీ రంధ్రాలూ పోయాయి.
మౌస్ పాతకాలపు గుండ్రటి పిన్నుది కాబట్టి బతికిపోయింది.

ఇది ఉమ్మడి కాపురమండీ, అని మొదలుపెట్టాను.
బొమ్మా, చప్పుడూ, నెట్టూ
అన్నీ ఒకే పొయ్యి మీద.
చవక. చోటు కలిసొస్తుంది.
ఒంట్లో బాగున్నన్నాళ్లు ఎవరెవరో కూడా తెలియదు.
ఒకరికి జబ్బు చేస్తే మాత్రం
విడిగా మంచం వేయడానికి గది ఉండదు.
కార్డు అంటారా, వేరు కుంపటి.
పాడైతే పీకి పారేసి ఇంకోటి గుచ్చడమే,
ఒక్క స్క్రూ.
మూతపడ్డ బడి నుంచి తెచ్చింది
నా డబ్బాలో ఉంది, నాలుగు పౌండ్లకి ఇస్తాను.

"సరే. ఇంకో సంగతి."
కోటు జేబులోంచి వాక్‌మన్ తీశారు.
వైరు కంప్యూటర్ వెనక్కి,
హెడ్‌ఫోన్లు నా చెవులకి.

తెల్లవారుజామున, బీడు కొండ మీద
ఆయన పట్టుకున్న కూత.
వంకరముక్కు పిట్టట.
పాలు పొంగి పొంగి గిన్నె అంచు దాటినట్టు ఆ గొంతు,
దాని వెనక ఒక సన్నటి గీరుడు.
మౌస్ కదిపాను. గీరుడు కదిలింది.
ఆపాను. ఆగింది.
డిస్కు తిరిగినప్పుడల్లా
పిట్ట పక్కన ఎవరో బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు.
"రెండొందల పన్నెండు క్యాసెట్లు" అన్నారాయన,
"కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే
అన్నిట్లోకీ ఈ చీమ దూరుతోంది."

చీమ కాదు, ఇరుగుపొరుగు.
పక్కింట్లో గిన్నె పడితే
ఈ ఇంట్లో ఉలిక్కిపడాలి, అంత పలచటి గోడ.
సౌండు కార్డు విడిగా పెట్టుకోండి అనేశాను.
పొరుగింటి పుల్లకూర నాకెప్పుడూ రుచే.

అనేశాక చూసుకున్నాను.
చిన్న బోర్డు. స్లాటు ఒక్కటే,
తెల్లగా, నోరు తెరుచుకుని.
బోర్డు మారిస్తే ప్రాసెసర్ అతకదు,
ప్రాసెసర్ మారిస్తే మెమరీ అతకదు,
తీగ లాగితే డొంకంతా కదిలి
నా నోట మూడొందల పౌండ్లు వచ్చాయి.
ఆయన గొడుగు వైపు చూశారు.

నెట్టు లేకపోతే ఎలాగండీ,
బ్యాంకు, పింఛను, కరెంటు బిల్లు,
నేను వేళ్లు మడుస్తూనే ఉన్నాను.
"నెట్టు లైబ్రరీలో ఉంది.
హీటరూ ఉంది.
పిట్ట అక్కడికి రాదుగా."

పన్నెండు పౌండ్ల సౌండు కార్డు.
రెండు బొటనవేళ్లతో నొక్కాను. టక్.
క్యాసెట్టు మొదటికి తిప్పాను.

పిట్ట కూసింది.
కూసి ఊరుకున్నప్పుడు
అక్కడ ఇంకెవరో ఉన్నారు.
హహ్, హహ్, హహ్. తడి నాలుక.
హెడ్‌ఫోన్లు ఆయనకిచ్చాను.
చాలాసేపు విన్నారు,
బజారంతా చేపల ధర అరుస్తుండగా.
"బెస్" అన్నారు చివరికి. "డెబ్బై ఎనిమిది.
కూర్చోమంటే కూర్చునేది కాదు."
లోపల దొరికిన వెంట్రుక
దాని మనవరాలి మనవరాలిదట.

దుప్పటి చుట్టుకుని వానలోకి వెళ్లారు.
నెట్‌వర్క్ కార్డు మళ్లీ డబ్బాలో పడేశాను.
రేపు ఎవరితోనైనా ఇదే వాదం,
వేరు కుంపటే మేలని.

చేపలవాడు కెటిల్ పెట్టాడు.
నా బల్ల మీద దీపం మినుకుమంది.
ఇద్దరికీ ఒకటే ప్లగ్గు, ఆరేళ్లుగా.
అడక్కుండానే
రెండో కప్పు ఇటు జరిపాడు.