నల్ల కాగితం

డెవెంటర్‌లో నా కొట్టుకి
చేపల పెట్టెలో పెట్టి తెచ్చాడు మార్టైన్.
వాళ్ళ మేనత్త ఫెమ్కె ఆడుకున్న బొమ్మరిల్లు, ఆవిడకంటే పాతది.
"కొత్తదానిలా ఉండాలి. దీపాలు కూడా పెట్టండి"
అని బయానా ఇచ్చి పోయాడు.

ముందు మెట్లు. పదకొండింటిలో నాలుగు పురుగు తినేసింది.
పియర్ చెక్కతో చెక్కాను, ఆఖరిది రెండుసార్లు.
గోడ కాగితం తడిపి కత్తి మొనతో లేపితే
గులాబీల కింద చారలు, చారల కింద ఉత్త చెక్క,
దానిమీద వడ్రంగి పెన్సిలు కూడిక. తప్పు.
దిద్దలేదు.

వంటింటికి రాగి గిన్నెలు కొన్నాను, శనగగింజంతవి.
మంచానికి నా పాత రుమాలు.
కుర్చీలు మాత్రం ఇంకా రెండే.
మూడోదాని కాలు కింద ఎక్కడో పడింది,
పొద్దుటినుంచీ మోకాళ్ళమీద వెతుకుతున్నాను.

కిటికీల దగ్గర చెయ్యి ఆగింది.
అయిదింటికీ లోపలినుంచి నల్ల కాగితం,
పిండి జిగురు, వంకర కత్తిరింపు.
రాత్రుళ్ళు ఊరిమీదుగా విమానాలు పోయిన ఏళ్ళలో
పెద్దవాళ్ళు తమ కిటికీలు మూసుకుంటుంటే
ఫెమ్కె తన ఇల్లూ మూసింది.
బొమ్మలకి ఎవరు చెప్తారు మరి?

మార్టైన్‌కి ఫోన్ చేశాను.
"అత్త ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు.
కాసేపాగి దీపాల ఖరీదు అడిగాడు.

ఇవాళ తీగ కలిపాను.
గోరంత దీపం, నిజంగానే గోరంత.
ముందు తలుపు మూసి, కొట్లో లైటు ఆర్పి చూస్తే
ఇల్లంతా చీకటి,
పై అంతస్తులో ఒక్కచోట తప్ప:
కాగితంలో గుండుసూది కన్నం,
సరిగ్గా బొమ్మ కంటి ఎత్తులో.