వీపు వెనుక గోడ

చిట్టీ ఎత్తిన పైసలు లోపలి జేబుల పెట్టుకొని
దేవరకొండల తెల్లారగట్ల బస్సెక్కిన.
కోఠిల దుకాణపాయన
రెండు కెమెరాలు అద్దాల బల్ల మీద పెట్టి
"చెప్పు సైదులూ, పెద్దదా, చిన్నదా?" అన్నడు.
ఒకటి ఫుల్ ఫ్రేమ్.
ఇంకోటి నా పాతదానికి చెల్లె,
సెన్సర్ బొటనవేలి గోరంత.

పదకొండేండ్లు ఆ గోరంతతోనే బతికిన.
దాన్ని తక్కువ చేసి మాట్లాడితే తప్పయితది.
డిండి కట్ట మీద నిలబడి
రెండువందల లెన్సు తొడిగితే
మూడువందలై ముందుకు దుమికేది.
నడినీళ్లల్ల నీటికాకి రెక్కలారబెట్టుకుంటుంటే
ముక్కు కొసన వేలాడే చుక్క గూడ దొరికింది.
పెద్దదానికి అదే లెన్సు పెడితే
కాకి మళ్ల దాని దూరానికి అది పోతది.
దగ్గరికి రావాలంటే ఇంకో లెన్సు, ఇంకో చిట్టీ.
ఏనుగును కొన్నంక అంకుశం బాకీ.

అయినా చెయ్యి పెద్దదాని మీదికే పోయింది.

పోయిన మాఘంల
చందంపేట అవతల తండాల పెండ్లి.
అర్ధరాత్రి, ఒకటే బల్బు, పదడుగుల అర్ర.
వీపు గోడకు ఆన్చి, ఇంక వెనక్కి జాగ లేక, నొక్కిన.
చీకటి మీద జొన్నరవ్వ చల్లినట్టొచ్చింది.
ఆల్బం ఇచ్చిన వారానికి
పెండ్లిపిల్ల మేనత్త కేస్లీ స్టూడియోకొచ్చింది.
ఒక్కో పేజీ తడివేలితో తిప్పి
"నేనేడున్న?" అన్నది.
ఒక ఫొటోల, అంచుకు, గాజుల చెయ్యి ఉంది,
మోచేతి దాకా.
"ఇది నాదే," తనే పోల్చుకున్నది.
సెన్సర్ చిన్నదని ముత్తిలింగానికైతే చెప్పేటోణ్ని,
వాడూ ఫొటోలు తీసేటోడే.
ఆమెకేం చెప్పాలె?

సెకండ్‌హ్యాండ్‌ది, లక్షా పదివేలు.
మెడకేసుకుంటే తూకంరాయి వేలాడినట్టుంది.
ఇంటికి పోకముందే తండాకు పోయిన.
అదే అర్ర, అదే బల్బు.
కేస్లీని నిలబెట్టి నొక్కితే
దూలం, ఉట్టి, సున్నం రాలిన మూల,
తలుపు సందుల నుంచి తొంగిచూస్తున్న మేకపిల్ల,
అర్రంత వచ్చింది.
చీకటి చీకటి లెక్కనే ఉంది, నున్నగ.
మురుసుకుంట చూపిస్తే
ఆమె మొఖం చిట్లించింది:
"గింత గోడ ఎందుకు బిడ్డా?
నన్ను దగ్గరికి తియ్యి."

ముందుకు జరిగిన, ఒకడుగు, ఇంకో సగం.
వీపు మాత్రం ఇంకా
గోడ కోసం దేవులాడుతున్నది.