పావుగంట ఎక్కువ

గండిపేట నీళ్ళు తాగినోడు
ఈ ఊరిడిచి యాడికీ పోడంటరు.
మావోళ్ళు ఆరుగురు పోయిండ్రు.

ఆసిఫ్‌నగర్ సెక్షన్, రాత్రి షిఫ్టు.
ఏడుగురం. ఏడు ఇనుప తాళాలు,
ఛాతీ దాంక వచ్చేటివి,
తలుపులు కాదు, గల్లీలు తెరిచేటివి.
భుజాన ఏసుకుని సైకిల్ తొక్కుతుంటె
కుక్కలు సుత గుర్తుపట్టి మొరగకపోయేటివి.
రెండున్నరకు మురాద్‌నగర్, మూడుంబావుకు జిర్రా,
నాలుగు గొట్టంగ టప్పాచబుత్ర.
మేం తాళం తిప్పినంకనే తెల్లారేది.

దస్తగిరి చెవుల సంగతి చెప్పాలె.
కడ్డీని రోడ్డు మీద నిలబెట్టి, కొసకు చెవి ఆనిచ్చి
కండ్లు మూసుకునేటోడు.
"ఈడ ఏడుస్తున్నది" అని సుద్దతోని గీసేటోడు.
తవ్వితె ఆడనే పగులు, జానెడు తేడా లేకుంట.
అసొంటోనికి ఇంట్ల పిలిస్తె ఇనబడకపోయేది.
"మీ భాయికి నేను పైపునయి పుట్టాల్సింది"
అని నవ్వేటిది ఖైరున్నిసా భాభీ.

బిచ్చప్ప నాకు నూట డెబ్బయి బాకీ.
ఉన్నప్పుడే ఇయ్యలె.

మాకొక రూలుండె, ఏ బుక్కుల లేనిది.
మాలో ఎవడన్న పోతె
టైము కాకున్నా వాని గల్లీ వాల్వు తిప్పాలె.
ఆఖరి తానానికి కొన్న నీళ్ళు పొయ్యొద్దు.
దస్తగిరికి గుసుల్ అయినా, బిచ్చప్పకు పసుపునీళ్ళయినా,
సామ్యూల్‌ను పెట్టెల పండబెట్టె ముందట తడిగుడ్డయినా
మన తాళం తిప్పిన నీళ్ళే.
అది అయినంక పావుగంట ఎక్కువ ఇడవాలె.
బిందెలు నిండి, బకీట్లు నిండి,
చాయ్ గిన్నెలు సుత పట్టుకొచ్చేటోళ్ళు ఆడోళ్ళు.
ఒకింట్ల ఏడుపు, ముప్పయి ఇండ్లల్ల బిందెల సప్పుడు.
రిజిస్టర్ల "ప్రెషర్ తేడా" అని రాసేటోళ్ళం.
ఇంజనీరు సారు ఆ గీత కాడ పెన్ను ఆపి
మా మొఖాలు చూసి, సంతకం పెట్టేటోడు.

పెంటోజి మే నెలల పోయిండు.
వంగిన మా తాళాలను కొలిమిల కాల్చి
సక్కగ చేసిన చెయ్యి.
చెరువు అడుగు తేలిన ఏడు అది,
వాల్వు తిప్పితె నల్లా బుస్సుమన్నది, గాలి తప్ప ఏం రాలె.
తలా ఒక బిందె మా మా ఇండ్లకెళ్ళి మోసినం.
మా ఇంట్ల ఆ దినం అన్నం వండలె.

ఈదయ్య అందరికంటె చిన్నోడు.
కరోనాల సంచిల చుట్టి తీస్కపోయిండ్రు.
తానం లేదు, మోసెటోడు లేడు, మొఖం లేదు.
ఆ రాత్రి మోతీసింగూ నేనూ పోయి తాళం తిప్పినం.
ఒక్క తలుపు తెరుచుకోలె.
నల్లాలు వాటంతట అవే పారినయి,
గల్లీ పొడుగూత, గడపలు తాకుకుంట.
పావుగంట దాటింది. అర్ధగంట దాటింది.
ఆపుదామని ఇద్దర్ల ఎవ్వడనలె.

మొన్న కార్తీకంల మోతీసింగ్.
ధూల్‌పేటల వానింట్ల సగం అతికిన పతంగులు,
లేయి డబ్బ మూత తీసే ఉన్నది.
తాళం భుజానేసుకుని వాల్వు కాడికి పోయిన.
కొత్త పోరడు నిలబడ్డడు, చేతిల ఫోను.
"తాతా, ఈ మూతకు గిప్పుడు గా తాళం పట్టది.
ఈడికెళ్ళే తిరుగుతది."
ఎందుకొచ్చిన్నో చెప్పిన. అంత ఇని
వేలు ఎత్తి పట్టి అడిగిండు:
"ఎంతసేపు ఇడవాలె?"
చెప్పిన.

నా గల్లీ యాడనో వాడు అడగలె.
నేను చెప్పలె.
నిండిన బిందె జరిపి
కాళీ బిందె పెడుతున్నరు ఎవరో,
ఆ సప్పుడు ఇనుకుంట
తాళం మీద బరువేసి నిలబడ్డ.