ఆలస్యాల పుస్తకం

షెఫీల్డ్‌లో ఆ బడి ఏటవాలు వీధి కొసన.
ఎనిమిదీ నలభైకి గేటు పడుతుంది.
తర్వాత వచ్చినవాళ్లంతా
డోరీన్ కిటికీ ముందు ఆగాల్సిందే.
నీలం అట్ట పుస్తకం, మూడు గడులు:
పేరు, వేళ, కారణం.

హోదన్ రాస్తుంది: "అమ్మతో ఆసుపత్రికి."
డాక్టరు మాటలన్నీ సోమాలీలోకి మార్చి చెప్పి
ఒక్క మాట మాత్రం తనలోనే మింగేసుకుని వచ్చిన సంగతి
ఆ గడిలో పట్టదు.

ముక్బిల్‌ది "నిద్ర." నిజమే.
తెల్లారకముందే బేకరీలో నాన్నతో ట్రేలు మోస్తాడు,
చొక్కా మోచేతుల దగ్గర ఇంకా పిండి.

డెజో రోజూ ఒకటే రాస్తాడు: "బస్సు."
వాళ్లిల్లు బడికి ఎదురుగానే,
చేపల కొట్టు పైన.
వాడి మణికట్టుకి రంగురంగుల రబ్బరు బ్యాండ్లు.
అమ్మ రాత్రి డ్యూటీ దిగేలోపు
ముగ్గురు చెల్లెళ్లకి జడలు వేసేది వాడే.
"ఏ నంబరు బస్సురా?" అని
డోరీన్ ఒక్కనాడూ అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
కిటికీ తెరుచుకోలేదు.
వానలో పదిహేను మంది, ఒకటే గొడుగు.
తొమ్మిదీ పదికి వచ్చింది డోరీన్,
కోటు గుండీలు ఒకదానిదొకదానికి పెట్టుకుని,
చేతిలో ఆసుపత్రివాళ్ల ప్లాస్టిక్ సంచి,
అందులో మగవాళ్ల కళ్లజోడు.

పుస్తకం తెరిచి ముందు తన పేరే రాసుకుంది.
వేళ వేసింది.
మూడో గడి దగ్గర
పెన్ను నిలబడిపోయింది.

ఆ రోజు వరసలో ఎవరూ తోసుకోలేదు.

డెజో తడిచెయ్యి కిటికీలోంచి చాచి
పెన్ను అందుకుని
తన వంకర అక్షరాలతో రాశాడు:
బస్సు.